అరువు గొంతు

ట్రక్కు ఫ్యాక్టరీ గేటు ముందు ఆగింది. ఊరి నుంచి నిలబడే వచ్చిన ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగుతున్నారు. థావీ వంతు వచ్చేసరికి అందరూ పక్కకి జరిగి దారి ఇచ్చారు. అదే ఆమెకి నచ్చడం లేదు. ఏళ్ళ తరబడి ఆ ట్రక్కులోనే మోచేతి పోట్లు తింటూ పనికి వచ్చింది. ఇప్పుడు ఎవరి మోచెయ్యీ ఆమెకి తగలడం లేదు.

ముక్కూమొహం తెలియని అమ్మాయి ఒకతె ఎదురొచ్చి, చేతిలో అరటిపళ్ళు పెట్టింది.

"పిన్నీ, మా బాబుకి జ్వరం దిగట్లేదు. తాతని ఒక్కమాట అడిగి చెప్పవా?"

"నాకేం తెలుసు తల్లీ, డాక్టరుకి చూపించు" అనబోయింది థావీ. సగం మాట గాలిగానే బయటికొచ్చింది. మిగతా సగం రాలేదు.

"గొంతు ఇంకా అలాగే ఉందా? ఆయన వాడుకున్నాడు కదా మరి," అంది ఆ అమ్మాయి. భయంభయంగా దణ్ణం పెట్టి, వెనక్కి తిరక్కుండానే నాలుగడుగులు వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

తాత అంటే ఆ నేలని కాచే దేవుడు, నెక్ తా. అక్కడ వరిపొలాలున్న కాలం నుంచీ ఉన్నవాడు. గేటు పక్కన నాలుగు కొయ్యకాళ్ళ మీద బొమ్మరిల్లంత ఇల్లు, లోపల మీసాల రాతిబొమ్మ, ముందు వెలిగించి పెట్టిన సిగరెట్లు, గ్లాసులో సారా. కొత్త బాయిలర్ పెట్టాలని కంపెనీ ఆ ఇంటిని పెరికించి మురుగునీటి గోడ వెనక పెట్టించింది. అమ్మాయిలు స్పృహ తప్పి పడిపోవడం ఆ తర్వాతే మొదలైందని హాలంతా నమ్ముతుంది.

మాలిస్ మాత్రం అలా నమ్మలేదు. మాలిస్ ఆ హాలులో కార్మికుల ప్రతినిధి. చురుకైన పిల్ల, ముప్పై దాటలేదు. మరకలు తీసే మందు కొట్టే గదిలో గాలి లాగే ఫ్యాను చెడిపోయిందనీ, ఆ వాసన కుట్టు హాల్లోకి వస్తోందనీ ఆమె కంపెనీకి అర్జీ రాసింది. మొదటి కోరిక ఫ్యాను. రెండోది తాగే నీళ్ళు. తాత ఇల్లు తిరిగి గేటు దగ్గర పెట్టాలన్నది మూడోది. అది రాస్తేనే సంతకాలు పెడతామని ఆడవాళ్ళు పట్టుబట్టారు.

"సమ్మె అంటే ఉన్నపళంగా పని వదిలి లేవడం కాదే," అని మాలిస్ అందరికీ చెప్పేది. "ముందు అర్జీ. కంపెనీ వినకపోతే లేబరాఫీసులో రాజీ మాటలు. అక్కడా తెగకపోతే మధ్యవర్తుల మండలి. అప్పటికీ కాకపోతే రహస్య ఓటు, ముందుగా నోటీసు. ఒక్క మెట్టు దాటేసినా తప్పు మనదే అవుతుంది."

"ఈలోపల చచ్చిపోతేనో?" అని ఎవరో అన్నారు.

"చావు కూడా నోటీసిచ్చే చావాలి," అని మాలిస్ నవ్వింది. అందరూ నవ్వారు.

థావీ గొంతు చెడిన ఆ మధ్యాహ్నం ఆ తర్వాత కొద్దిరోజులకే వచ్చింది. అన్నాలు తిని కూర్చున్న కాసేపటికే తియ్యగా, కుళ్ళినట్టుగా వాసన హాల్లోకి పాకింది. థావీ పక్క మిషను దగ్గర కూర్చునే శ్రేపిచ్ తల ఠక్కున బల్లకి కొట్టుకుంది. కొత్తగా పనిలో చేరిన పిల్ల. నోటి వెంట నురగ వస్తోంది. వెనక లైన్లో ఇంకొకరు పడ్డారు. సూపర్‌వైజర్ కాపలావాడి చేత తలుపుకి గొలుసు వేయించి, టార్గెట్ అయ్యేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదంది. హాలు ఆ చివర మాలిస్ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని ఆమెతో వాదిస్తూనే, "మీరు లేవకండి, నేను మాట్లాడుతున్నా!" అని ఇటు అరుస్తోంది.

"లేవండే, ఈ పిల్ల చచ్చిపోతోంది!" అని థావీ అరిచింది. ఒక్కరూ లేవలేదు. అందరూ సూపర్‌వైజర్ మొహం చూశారు.

అప్పుడు థావీకి అమ్మమ్మ గుర్తొచ్చింది. ఊళ్ళో అమ్మమ్మ మీదికి ఆ ఊరి నేల తాత పూనకంలో వచ్చేవాడు. మోకాళ్ళు ఎలా వణుకుతాయో, కళ్ళు ఎలా పైకి పోతాయో, ముసలి మగగొంతు కడుపులోంచి ఎలా వస్తుందో థావీ చిన్నప్పటి నుంచీ చూసింది. ఆలోచించడానికి వ్యవధి లేదు. జుట్టు విప్పేసి కుట్టుబల్ల ఎక్కింది.

"లేవండి! నా పిల్లలు చస్తున్నారు, లేవండి!"

మిషన్లు ఆగాయి. నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారే గానీ ఇంకా లేవడం లేదు. ఏదో వెలితిగా ఉందని థావీకి అర్థమైంది. అమ్మమ్మ మీదికి వచ్చినప్పుడల్లా తాత ఏదో ఒకటి అడిగేవాడు. అడక్కుండా ఎన్నడూ వెళ్ళలేదు.

"నా ఇల్లు నాకిచ్చెయ్యండి! కోడి తెండి, సారా తెండి!"

అంతే, హాలంతా ఒక్కసారిగా లేచింది. గొలుసు పట్టుకుని నిలబడ్డ కాపలావాడే దాన్ని లాగి పారేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పడిపోయిన పిల్లలను ఎండలోకి మోసుకెళ్ళారు. అందరూ బతికారు.

మర్నాడు కంపెనీ మాలిస్‌ని పనిలోంచి తీసేసింది. చెప్పాపెట్టకుండా సమ్మె చేయించిందట.

లేబరాఫీసులో రాజీ కుదరలేదు. తగాదా మధ్యవర్తుల మండలికి వెళ్ళింది. కార్మికుల తరఫున ఒకరు, కంపెనీ తరఫున ఒకరు, ఆ ఇద్దరూ ఒప్పుకున్న పెద్దాయన ఒకరు, మొత్తం ముగ్గురు. నగరంలో మొదటి విచారణ అయిన రోజు సాయంత్రం మాలిస్ గేటు ఎదురుగా సోమ్ అవ్వ గంజి కొట్లో కూర్చుని ఉంది. థావీ వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఏమన్నారు?" అని గుసగుసగా అడిగింది.

మాలిస్ గంజిలో చెంచా తిప్పుతోందే గానీ తినడం లేదు. "వాళ్ళ లాయరు భలే తెలివైనవాడక్కా. చట్టంలో సమ్మె అంటే ఏంటి? కంపెనీ నుంచి ఏదో కావాలని అడుగుతూ అంతా కలిసి పని ఆపడం. ఊపిరాడక బయటికి పరిగెత్తితే అది సమ్మె కాదు. ఇదీ నా వాదన. ఆయన లేచి ఒకటే ముక్క అడిగాడు. 'బయటికి పరిగెత్తినవాళ్ళు ఇల్లెందుకు అడిగారు?' అని."

సోమ్ అవ్వ అందించిన గిన్నె థావీ చేతిలో ఒలికింది.

"తాత అడిగింది అచ్చం నా అర్జీలో మూడో కోరికట. తాత నోట్లో ఆ మాట నేనే పెట్టానట."

"తాత ఇల్లు తాత అడక్కపోతే ఎవరడుగుతారే?" అంది సోమ్ అవ్వ గంజి పోస్తూ. "ఆ రోజు నువ్వు లేవద్దన్నావు, ఇది లేవమంది. ఎవరన్నా విన్నారా? ఆ హాల్లో ఆడది లేవాలంటే తాత రావాల్సిందే. మనిషి మాటకి లేచే రకాలా ఇవి!"

"నా ఉద్యోగం పోతే ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ నన్ను రానివ్వదక్కా," అంది మాలిస్. "ప్రతినిధి పేరు పెట్టుకోడానికి ఇంకెవరూ ముందుకి రారు కూడా. నువ్వొచ్చి ఒక్కటి చెప్పు చాలు. తాత నీ మీదికి వచ్చాడనీ, నేను నీకేం నేర్పలేదనీ. చెప్తావు కదా?"

అబద్ధం ఎక్కడ మొదలైందో అప్పుడే చెప్పేద్దామనుకుంది థావీ. కానీ అమ్మమ్మ మాట గుర్తొచ్చి ఆగింది. చిన్నప్పుడు ఓసారి ఆటకి తాతలా గొంతు పెడితే, అమ్మమ్మ మూతి మీద కొట్టింది. "ఆయన రానప్పుడు ఆ గొంతు పెట్టకే. తర్వాత నీ గొంతు కోసం వస్తాడు," అంది. ఆ మధ్యాహ్నం బల్ల దిగిన దగ్గర్నుంచి ఆమె గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. ఆస్పత్రిలో చూసినాయన లోపల ఏమీ లేదన్నాడు. అసలు భయం అప్పుడే పట్టుకుంది.

మరి కొన్నాళ్ళకి మేనేజర్ విచెత్ థావీని తన గదికి పిలిపించాడు. ఇదివరకు "ఏయ్, మూడో లైను" అని పిలిచేవాడు.

"కూర్చో అక్కా," అన్నాడిప్పుడు. రెండు చేతులూ జోడించి మరీ అన్నాడు. ఏసీ గదిలో నుదుటి మీద చెమట తుడుచుకుంటున్నాడు. "మధ్యవర్తులు ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తున్నారు. నిన్నిక్కడే అడుగుతారు. తాత బొమ్మ ఎదుటే ప్రమాణం చేయించమని మా లాయరు కోరాడు. వాళ్ళు సరేనన్నారు."

థావీ కుర్చీ అంచున కూర్చుంది.

"నాకు నీతో పేచీ లేదు. నీకున్నవి రెండే జవాబులు. తాతే మాట్లాడాడంటావా, ఆయన అడిగింది అర్జీలో కోరికే, కాబట్టి సమ్మె. మాలిస్ నేర్పిందంటావా, అప్పుడూ సమ్మే. ఏది చెప్పినా ఆ పిల్ల లోపలికి రాదు. రెండోది చెప్తే మాత్రం నువ్వు లైన్ లీడర్‌వి." గొంతు తగ్గించాడు. "ఒక్క సంగతి చెప్పక్కా. ఇల్లు కదిపింది నేను కాదు, పైవాళ్ళు. ఆయన నా మీద కోపంగా ఉన్నాడా?"

"తెలీదు సార్," అంది థావీ. ఆ మాట నిజమే.

మధ్యవర్తులు వచ్చిన పొద్దున వాన పడి వెలిసింది. మురుగునీటి గోడ వెనక నీలం రంగు నీళ్ళు మడుగు కట్టాయి. తాత ఇల్లు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. లోపల బొమ్మ సగం మొహం నాచు పట్టింది. ముగ్గురు మధ్యవర్తులూ ప్యాంట్లు పైకి మడుచుకుని నిలబడ్డారు. లాయరు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. విచెత్ బొమ్మ వైపు చూడకుండా నిలబడ్డాడు. మాలిస్ ఎర్రబడ్డ కళ్ళతో థావీనే చూస్తోంది. పైన హాలు కిటికీల నిండా ఆడవాళ్ళ మొహాలు. ఒక్క మిషనూ నడవడం లేదు.

మండలి మనిషి ఒకడు ప్రమాణం చెప్పించాడు. థావీ ఒక్కొక్క ముక్కా అతని వెంట అంది. "నేను అబద్ధమాడితే ఈ నేల నన్ను మొయ్యకూడదు. నీళ్ళు నన్ను ముంచెయ్యాలి. పిడుగు నన్ను వెతుక్కుంటూ రావాలి. ఎన్ని జన్మలెత్తినా తిండికి మొహం వాచిపోవాలి." ఆమె గుసగుస అక్కడున్నవాళ్ళకి వినిపించలేదు. పెద్దాయన నాలుగడుగులు దగ్గరికి వచ్చి చెవి ఒగ్గాడు.

"ఆ రోజు హాల్లో మాట్లాడింది ఎవరమ్మా?"

థావీ రాతిబొమ్మ కళ్ళలోకి చూసింది. తాత వచ్చాడంటే ఆయన ఎదుటే ఆయన పేరు రెండోసారి దొంగిలించినట్టు. మాలిస్ నేర్పిందంటే ఒక మనిషి బతుకు తీసినట్టు. విచెత్ లెక్కలోకి రాని మూడో జవాబు ఒకటి మిగిలింది.

"నేనేనండి," అంది. "తాత రాలేదు."

పెద్దాయన ఆమె మాటల్ని అందరికీ వినబడేలా తిరిగి చెప్తున్నాడు. పైన కిటికీల్లో కదలిక. ఒకరి నుంచి ఒకరికి ఆ మాట పాకుతోంది.

"మాలిస్ చెప్పమంటే చెప్పావా?" అన్నాడు లాయరు.

"ఆ పిల్ల లేవద్దని అరుస్తోంది. మీరెవర్నడిగినా చెప్తారు. నేను లేవమన్నా. మామూలుగా చెప్తే లేవలేదు. అందుకని ఆయన గొంతు పెట్టా."

"మరి ఇల్లు ఎందుకు అడిగావు?"

"తాత వస్తే ఏదో ఒకటి అడుగుతాడండి. అడక్కపోతే నమ్మరు. అప్పుడు నోటికి అదే వచ్చింది."

పెద్దాయన లాయరుని చేత్తో ఆపాడు. "తాత సంగతి వదిలెయ్. నీకు, నీకు ఆ క్షణంలో కంపెనీ నుంచి ఏం కావాలి?"

"కంపెనీ నుంచి ఏమీ వద్దండి. తలుపు తియ్యాలి. గాలి కావాలి. అంతే."

ఆయన రాసుకున్నాడు. ఇంకేదో అడగబోయాడు. థావీ పెదాలు కదిపింది. గుసగుస కూడా రాలేదు. చేత్తో గొంతు పట్టుకుని తల అడ్డంగా ఊపింది. విచెత్ అప్పుడు మొదటిసారి బొమ్మ వైపు చూశాడు. మురుగులోకి అడుగు వేసి మరీ వెనక్కి జరిగాడు.

తీర్పు కాగితం గేటుకి అంటించారు. ఆ రోజు పని ఆపింది కోరికల కోసం కాదు, ప్రమాదం తప్పించుకోవడానికి. కాబట్టి అది సమ్మె కాదు. మాలిస్‌ని తిరిగి పనిలోకి తీసుకోవాలి. ఆ రోజు జరిగినదానికి ఎవరినీ శిక్షించకూడదు. ఫ్యాను బాగుచెయ్యాలి, తలుపులకి గొలుసులు ఉండకూడదు. తాత ఇంటి సంగతి తాము తేల్చేది కాదు. ఎవరికైనా అభ్యంతరముంటే గడువులోగా చెప్పాలి, చెబితే ఈ తీర్పు చెల్లదు.

గడువు చివరి రోజు సాయంత్రం దాకా మాలిస్ గంజి కొట్లోంచి కదల్లేదు. కంపెనీ అభ్యంతరం పెట్టలేదు. మర్నాడు మాలిస్ లోపలికి వచ్చి థావీని కావలించుకుంది.

"నాకోసం అంత పని చేశావా అక్కా!" అంది. తర్వాత నెమ్మదిగా అంది, "వీళ్ళు నిన్నేమన్నా పట్టించుకోకు."

తీర్పు పక్కనే కంపెనీ ఇంకో నోటీసు అంటించింది. ఇకపై ఎవరైనా పూనకం నటిస్తే ఉద్యోగం తీసేస్తారు. అది చదివి ఎవరూ నొచ్చుకోలేదు. ట్రక్కులో థావీకి మోచేతులు మళ్ళీ తగలసాగాయి, మునుపటికన్నా గట్టిగా. తాను తెచ్చిన అరటిపళ్ళు గుర్తొచ్చి, జ్వరం వచ్చిన బాబు తల్లి మొహం తిప్పుకుంది.

"ఏం తాతా, సిగరెట్ కావాలా?" అనేది రెండో లైన్ సినాత్, రోజూ. "పాపం, మాట్లాడవేం? గొంతు ఎవరికైనా అద్దెకిచ్చావా?"

జవాబు చెప్పాలన్నా థావీకి గొంతు లేదు. గోడ మీద కొత్త ఫ్యాను బిగించారు. దానికి కరెంటు తీగ ఇంకా లాగలేదు. బొమ్మరిల్లు గోడ వెనకే ఇంకొంచెం ఒరిగింది. సిగరెట్లు పెట్టేవాళ్ళు తగ్గిపోయారు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, ఫ్యాను తీగ సంగతి తేల్చడానికి మాలిస్ ఆఫీసుకి వెళ్ళింది. ఆమె వెళ్ళిన కాసేపటికి తియ్యటి కుళ్ళు వాసన వచ్చింది. ముందు సన్నగా, తర్వాత నాలుక మీద చేదుగా. శ్రేపిచ్ చెయ్యి గుడ్డ మీద నెమ్మదించింది. వెనక ఎవరో కుర్చీలోంచి జారారు.

తలుపుకి గొలుసు లేదు. థావీ లేచి కత్తెరతో బల్ల మీద టకటకా కొట్టింది, తలుపు చూపించింది. కొందరు తలెత్తారు. నోటీసు గుర్తొచ్చి తలలు దించుకున్నారు.

"మళ్ళీ మొదలుపెట్టింది," అంది సినాత్. పాదం పెడల్ మీది నుంచి తియ్యలేదు. "ఏం తాతా, ఈసారేం కావాలి? కోడా, సారానా?"

పక్కవాళ్ళు నవ్వారు. థావీ మోకాళ్ళు వణికాయి. ఆమె వణికించలేదు. గొంతులో ఏదో తెరుచుకుంది, తుప్పుపట్టిన తలుపులాగా.

"ఏమీ వద్దు."

ముసలి మగగొంతు. ఆమె బల్ల ఎక్కలేదు, జుట్టు విప్పలేదు. కళ్ళు నిండా తెరుచుకునే ఉన్నాయి, అందరికన్నా ఎక్కువ భయం ఆ కళ్ళలోనే ఉంది. ఆ గొంతు అరవలేదు. హాలు మూల మూలకీ మామూలుగా వినిపించింది.

"నాకేమీ వద్దు. లేవండి."

సినాత్ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇల్లు అడగలేదు. కోడి అడగలేదు. ఏమీ అడగని తాతని ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. ఒక కుర్చీ కిర్రుమంది. తర్వాత అన్నీ ఒకేసారి వెనక్కి జరిగాయి. అరుపులు లేవు, తోపులాట లేదు. పడిపోయినవాళ్ళని భుజాల మీద వేసుకుని, నోళ్ళు మూసుకుని, వరసగా ఎండలోకి నడిచారు.

మాలిస్ ఆఫీసు మెట్ల మీది నుంచి పరిగెత్తుకొచ్చింది. వెనకాలే విచెత్.

"ఎవరు లేపారు? ఏం అడిగారు? ముందు అది చెప్పండి, ఏమన్నా అడిగారా?"

"ఏమీ అడగలేదు," అంది సినాత్. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

మాలిస్ గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే భయం లేదు. సమ్మె అనలేరు."

విచెత్ అక్కడే ఎండలో కూలబడ్డాడు. అందరూ దూరంగా జరిగి థావీ చుట్టూ ఖాళీ వదిలారు. శ్రేపిచ్ ఒక్కతే ఆ ఖాళీలోకి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, అది నువ్వేనా?"

నేనే అని చెప్పాలనుకుంది థావీ. నోరు తెరిస్తే ఎవరు జవాబు చెప్తారో తెలియక, పెదాలు గట్టిగా బిగబట్టుకుంది.